కొసరు అసలును పూడ్చగలదా? - హోటళ్ల సభ్యత్వ హోదాలు, గది అద్దె లెక్క

చోళపురం, రాజపాళయం పరిసరాల వారికి చెన్నై ప్రయాణమంటే చాలావరకు రాత్రి రైలు ప్రయాణమే. శెంగోట్టై వైపు నుండి వచ్చే పొదిగై ఎక్స్‌ప్రెస్‌ను రాత్రి రాజపాళయంలో ఎక్కితే తెల్లవారేసరికి రాజధాని చేరుకోవచ్చు. నూలు మిల్లుల యజమానులు, ఛత్రపట్టి పట్టీ గుడ్డ వర్తకులు, పత్తి కొనుగోలుకు తిరిగే ప్రతినిధులు ఏళ్ల తరబడి ఇలాగే వెళ్లి వస్తున్నారు. చెన్నైతో పని తీరకపోతే కోయంబత్తూరు, ముంబయి, అహ్మదాబాదు, గుంటూరు. ఎక్కడికి వెళ్లినా ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: బస ఎక్కడ?

ఒకప్పుడు ఈ ప్రశ్నకు సమాధానం తెలిసిన లాడ్జి. నేడు పెద్ద హోటల్ సంస్థల సభ్యత్వ కార్డులు చాలామంది జేబుల్లో ఉన్నాయి. సిల్వర్, గోల్డ్, ప్లాటినం అంటూ మెట్లు మెట్లుగా ఉండే ఈ హోదాలు చేతికి వస్తే ఉచిత ఉదయపు అల్పాహారం, పెద్ద గది, ఆలస్యంగా ఖాళీ చేసే వెసులుబాటు, పాయింట్లు లభిస్తాయని సంస్థలు చెబుతాయి. “హోదా ఉంటే గది అద్దె తిరిగి వచ్చినట్లే” అనే మాట వర్తకుల మధ్య తరచుగా వినిపిస్తుంది. ఈ మాటలో నిజమెంత? అంగడిలో కూరగాయలు కొన్నప్పుడు పైన వేసే కొసరు లాంటివి ఈ సౌకర్యాలు. కొసరు ఎంత వచ్చిందన్నది ఒక లెక్క. ఆ కొసరు కోసం అసలు ఎంత ఎక్కువ చెల్లించారన్నది మరొక లెక్క. రెండవ లెక్క వేయకుండా మొదటి లెక్కతో సంతృప్తి పడటమే ఈ వ్యవహారంలో అందరూ చేసే పొరపాటు.

సత్రం నుండి సభ్యత్వం వరకు

దక్షిణాదిలో ప్రయాణికుని బస చాలాకాలం ధర్మకార్యంగా సాగింది. 17వ శతాబ్ది చివర మదురైని పాలించిన నాయక రాణి మంగమ్మ బాటసారుల కోసం సత్రాలు కట్టించినట్లు చరిత్ర చెబుతున్నది. మదురై రైల్వే స్టేషను ఎదుట ఆమె పేరిట ఉన్న సత్రం నేటికీ కనిపిస్తుంది. సత్రంలో బాటసారి ఎన్నిసార్లు వచ్చాడన్న లెక్క ఉండదు. మొదటిసారి వచ్చినవానికీ, నూరవసారి వచ్చినవానికీ ఒకే అరుగు, ఒకే నీరు.

1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా రాజపాళయం మిల్స్‌ను స్థాపించిన తరువాత ఈ పట్టణం పరిశ్రమల బాట పట్టింది. తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు వ్యవసాయం నుండి మిల్లులకు, మిల్లుల నుండి దూరదేశ వర్తకానికి విస్తరించాయి. దానితో ప్రయాణాలు పెరిగాయి. సత్రం స్థానంలో లాడ్జి, లాడ్జి స్థానంలో హోటలు వచ్చాయి.

తరచుగా వచ్చే అతిథిని లెక్కబెట్టి బహుమతి ఇచ్చే పద్ధతి మాత్రం అమెరికాలో పుట్టింది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులకు మైళ్ల లెక్కన బహుమతులు ప్రారంభించింది. రెండేళ్లు తిరగకముందే హోటళ్లు అదే బాట పట్టాయి. 1983లో హాలిడే ఇన్, మారియట్ సంస్థలు తమ తమ సభ్యత్వ పథకాలను తెచ్చాయి. 1987లో హిల్టన్ చేరింది. 2016లో మారియట్ సంస్థ స్టార్‌వుడ్‌ను కొనుగోలు చేసి, రెండింటి పథకాలను కలిపి, 2019లో బాన్‌వాయ్ అనే పేరు పెట్టింది. మన దేశంలో తాజ్ హోటళ్ల ఇన్నర్ సర్కిల్ పథకం చాలాకాలం పేరుపొందింది. 2022లో టాటా న్యూ ప్రారంభమైన తరువాత అది న్యూపాస్‌లో కలిసింది. ఐటీసీ హోటళ్లకు క్లబ్ ఐటీసీ ఉన్నది.

రాజపాళయం వారికి ఈ సంస్థలు దూరపు వస్తువులేమీ కావు. సుమారు 85 కిలోమీటర్ల దూరంలోని మదురైలో మారియట్ వారి కోర్ట్‌యార్డ్, తాజ్ సంస్థ వారి పసుమలై గేట్‌వే ఉన్నాయి. కోయంబత్తూరులో లె మెరిడియన్ మారియట్ కుటుంబానికే చెందినది. పత్తి బేరాలకు వెళ్లే గుంటూరులో 2022లో ఐటీసీ వెల్‌కమ్‌హోటల్ తెరుచుకున్నది.

హోదా ఎలా లభిస్తుంది?

సభ్యత్వం ఉచితం. పేరు నమోదు చేసుకున్న రోజు నుండి పాయింట్లు జమ అవుతాయి. హోదా మాత్రం ఒక సంవత్సరంలో గడిపిన రాత్రుల సంఖ్యను బట్టి వస్తుంది. మారియట్ బాన్‌వాయ్‌లో 10 రాత్రులకు సిల్వర్, 25కు గోల్డ్, 50కి ప్లాటినం, 75కు టైటానియం హోదాలు ఉన్నాయి. హయత్‌లో మూడు మెట్లకు 10, 30, 60 రాత్రులు కావాలి. హాలిడే ఇన్ హోటళ్లు గల ఐహెచ్‌జీలో 10, 20, 40, 70 రాత్రుల చొప్పున నాలుగు మెట్లు ఉన్నాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. విలువైన సౌకర్యాలు పై మెట్ల మీదే ఉంటాయి. మారియట్‌లో సిల్వర్ సభ్యునికి దక్కేది పది శాతం అదనపు పాయింట్లు, వీలైతే కొద్దిగా ఆలస్యంగా ఖాళీ చేసే సదుపాయం. గోల్డ్ సభ్యునికి 25 శాతం అదనపు పాయింట్లు, వీలును బట్టి మెరుగైన గది, మధ్యాహ్నం రెండు గంటల వరకు ఉండే అవకాశం. అల్పాహారం, లౌంజ్ ప్రవేశం, నాలుగు గంటల వరకు గది, 50 శాతం అదనపు పాయింట్లు అనే అసలైన కొసరు ప్లాటినం నుండి మొదలవుతుంది. అనగా ఏడాదిలో 50 రాత్రులు ఒకే సంస్థ హోటళ్లలో గడిపిన తరువాత.

నెలకు రెండుసార్లు ఊరు దాటే వర్తకుడు ఒక్కో ప్రయాణంలో ఒకటి రెండు రాత్రులు బస చేస్తే సంవత్సరానికి 24 నుండి 48 రాత్రులు అవుతాయి. అవన్నీ ఒకే సంస్థలో గడిస్తే తప్ప ప్లాటినం దరిదాపులకు చేరడం కష్టం.

హోటలు ఎందుకు ఇస్తుంది?

ధర్మం కోసం కాదన్నది స్పష్టం. హోటలు గది కూరగాయల కంటే త్వరగా పాడయ్యే సరుకు. ఈ రాత్రి అమ్ముడుపోని గదిని రేపు అమ్ముకోవడానికి వీలులేదు. ఖాళీగా ఉన్న పెద్ద గదిని తరచుగా వచ్చే అతిథికి ఇస్తే హోటలుకు అయ్యే అదనపు ఖర్చు స్వల్పం. అల్పాహారం కూడా అంతే. వందమందికి వండి పెట్టిన చోట మరొక్కరు తింటే అయ్యే ఖర్చు, బోర్డు మీద రాసిన ధరలో కొద్ది భాగమే. అతిథికి పెద్దదిగా కనిపించి హోటలుకు చిన్నదిగా ఉండే వస్తువులనే కొసరుగా ఎంచుకుంటారు.

మరొక సంగతి. మన దేశంలో చాలా హోటళ్ల భవనం ఒకరిది, పేరు మరొకరిది. విశాఖపట్నంలోని నోవోటెల్‌ను వరుణ్ గ్రూపు నిర్మించగా, పేరు, నిర్వహణ ఫ్రాన్సు దేశపు ఆకోర్ సంస్థవి. ఇటువంటి ఏర్పాట్లలో సభ్యుడు బస చేసినప్పుడు బిల్లులో కొంత శాతాన్ని యజమాని సభ్యత్వ పథకానికి చెల్లించడం పరిపాటి. అంటే పాయింట్ల ఖర్చు ఎక్కడి నుండో ఊడిపడదు. గది అద్దెలోనే అది కలిసి ఉంటుంది. పాయింట్లను వాడుకోకుండా వదిలేసే సభ్యుడు వాడుకునే సభ్యుని ఖర్చును కొంత మోస్తున్నాడని అర్థం.

కొసరుకు విలువ కట్టే పద్ధతి

సౌకర్యం విలువ ఎంత? హోటలు చెప్పే ధర దాని విలువ కాదు. అది లేకపోతే ఆ మనిషి తన జేబు నుండి ఎంత ఖర్చు పెట్టేవాడో అదే దాని విలువ. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే మిగిలినదంతా సులువు.

అల్పాహారం: పెద్ద హోటలులో దాని ధర వెయ్యి రూపాయలని రాసి ఉండవచ్చు. కానీ హోదా లేకపోతే ఆ వర్తకుడు వీధి చివరి మెస్‌లో ఇడ్లీ, పొంగలి, కాఫీతో రెండు వందల లోపు ముగించేవాడు. కనుక అతని లెక్కలో విలువ రెండు వందలే. భార్యాపిల్లలతో వెళ్లిన రోజున ఇదే సౌకర్యం విలువ రెట్టింపో, మూడింతలో అవుతుంది. ఎంతమందికి ఉచితమన్నది మాత్రం ముందుగా అడిగి తెలుసుకోవాలి.

లౌంజ్: సాయంత్రం పూట చిరుతిండ్లు, కాఫీ, కొన్నిచోట్ల భోజనానికి సరిపోయేంత పదార్థాలు ఉంటాయి. అన్ని హోటళ్లలో లౌంజ్ ఉండదు. శాకాహారులకు, నియమంగా తినేవారికి అక్కడ దొరికేది కొంతే. రాత్రి భోజనం నిజంగా మిగిలితేనే లెక్కలో వేసుకోవాలి.

పెద్ద గది: తెల్లవారి లేచి పనికి పోయే మనిషికి గది పెద్దదైనా, చిన్నదైనా నిద్ర ఒకటే. డబ్బిచ్చి పెద్ద గది తీసుకునే అలవాటు లేనివారు దీనికి సున్న వేసుకోవడమే న్యాయం. పైగా ఇది వీలును బట్టి దొరికేదే తప్ప హక్కు కాదు.

పాయింట్లు: వీటి విలువ సంస్థను బట్టి మారుతుంది. ఆకోర్ సంస్థలో లెక్క తేలిక. 2,000 పాయింట్లకు 40 యూరోల తగ్గింపు. నోవోటెల్ వంటి హోటళ్లలో మొదటి మెట్టు సభ్యునికి ప్రతి 10 యూరోల ఖర్చుకు 25 పాయింట్లు, అనగా అర యూరో. అంటే ఐదు శాతం తిరిగి వచ్చినట్లు. న్యూపాస్‌లో ఒక న్యూకాయిన్ ఒక రూపాయికి సమానం. మారియట్ వంటి సంస్థలలో పాయింటుకు స్థిరమైన ధర లేదు. ఉచిత రాత్రికి అడిగే పాయింట్లు రోజును బట్టి మారుతుంటాయి. 15,000 పాయింట్లకు 7,500 రూపాయల గది దొరికితే పాయింటు విలువ అర్ధరూపాయి. అదే గదికి 25,000 అడిగితే ముప్పై పైసలు.

రాత్రి బండి, 24 గంటల లెక్క

రాజపాళయం వారికి ప్రత్యేకంగా ముఖ్యమైనది గది వేళల విషయం. పెద్ద హోటళ్లలో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు లేక మూడు గంటలకు. ఖాళీ చేయవలసింది మరునాడు పన్నెండింటికి. తెల్లవారుజామున రైలు దిగినవానికి ఈ వేళలు ఏమాత్రం సరిపోవు. స్నానం చేసి, బట్టలు మార్చుకొని, పది గంటలకు పనికి పోవలసినవాడు మధ్యాహ్నం దాకా ఎక్కడ కూర్చోవాలి? ముందురోజు రాత్రికి కూడా గది తీసుకుంటే అద్దె రెట్టింపవుతుంది.

హోదా ఉన్నవారికి ముందుగా గది ఇవ్వడం చాలాచోట్ల గది ఖాళీగా ఉంటేనే. ఆలస్యంగా ఖాళీ చేయడం విషయంలో హామీ కొంత మెరుగు. మారియట్ ప్లాటినం సభ్యునికి విహార, సమావేశ హోటళ్లు మినహా మిగిలినచోట్ల సాయంత్రం నాలుగు వరకు ఉండే హక్కు ఉన్నది. అయినా రాత్రి బండి వరకు ఇంకా నాలుగు గంటలు మిగులుతాయి.

తమిళనాడులోని సాధారణ లాడ్జీలలో చాలావాటికి 24 గంటల పద్ధతి ఉన్నది. ఉదయం ఆరింటికి తాళం తీసుకుంటే మరునాడు ఉదయం ఆరింటి దాకా గది వారిదే. ఉదయం దిగి రాత్రి బండికి తిరిగి వెళ్లేవారు ఒక్కరోజు అద్దెతో సరిపెట్టుకోవచ్చు. పెద్ద హోటలు 50 రాత్రుల తరువాత గొప్ప గౌరవంగా ఇచ్చే సౌకర్యాన్ని, ఎగ్మూరు సందులోని లాడ్జి మొదటిసారి వచ్చినవానికే అడగకుండా ఇస్తుంది. ఒకే రోజులో వెళ్లి వచ్చేవారికి ఏ హోదా కూడా ఈ లెక్కను దాటలేదు.

ఒక రాత్రి లెక్క

ఇప్పుడు రాత్రి బస తప్పని ప్రయాణాన్ని తీసుకుంటే లెక్క ఎలా ఉంటుందో చూడవచ్చు. కింది అంకెలు పద్ధతిని వివరించడానికి వేసుకున్నవి. ఎవరి ప్రయాణానికి తగినట్లు వారు మార్చుకోవచ్చు.

ప్లాటినం హోదా ఉన్న వర్తకుడు పెద్ద సంస్థ హోటలులో 7,200 రూపాయల గది తీసుకున్నాడనుకుంటే, ఐదు శాతం జీఎస్టీతో బిల్లు 7,560. శుభ్రమైన సాధారణ హోటలులో గది 3,000, పన్నుతో 3,150. రెంటికీ తేడా 4,410 రూపాయలు.

ఇక కొసరు. అల్పాహారం 200. సాయంత్రం లౌంజ్ వల్ల మిగిలిన భోజనం 300. ఆలస్యంగా ఖాళీ చేయడం రెండు ప్రయాణాలలో ఒకసారి 500 రూపాయల మేలు చేస్తుందనుకుంటే సగటున 250. పాయింట్ల విషయానికి వస్తే, డాలరు 90 రూపాయలని లెక్కకు తీసుకుంటే 7,200 రూపాయలు 80 డాలర్లు. డాలరుకు పది చొప్పున 800 పాయింట్లు, 50 శాతం అదనం కలిపితే 1,200. అర్ధరూపాయి విలువతో 600 రూపాయలు. పన్ను మీద పాయింట్లు రావన్నది గుర్తుంచుకోవాలి. పెద్ద గదికి సున్న. మొత్తం 1,350 రూపాయలు.

తేడా 4,410, కొసరు 1,350. అనగా తేడాలో మూడోవంతు కూడా పూడలేదు. దంపతులు ఇద్దరూ వెళితే అల్పాహారం, లౌంజ్ విలువలు రెట్టింపై కొసరు 1,850 అవుతుంది. అప్పటికీ తేడాలో నూటికి 42 వంతులే. మిగిలినది మెత్తని పరుపుకు, నిశ్శబ్దానికి, పేరుకు చెల్లించిన ధర. అది తప్పని ఎవరూ అనరు. నడుము నొప్పి ఉన్నవారికి మంచి పరుపు అవసరమే. అయితే అది ఖర్చే గాని ఆదాయం కాదు.

ఇదే కొసరు మరొకచోట బాగా పనిచేస్తుంది. ఎలాగూ ఏడు వేల స్థాయి గదే కావలసిన సందర్భంలో, హోదా లేని హోటలు ధర 7,200, హోదా ఉన్న హోటలు ధర 7,200 అయినప్పుడు 1,350 రూపాయలు పూర్తిగా మిగులే. బిల్లులో అది నూటికి 18 వంతులు. హోదా లేని హోటలు 6,000కే ఇస్తే పన్నుతో తేడా 1,260. అప్పుడు రెండూ ఇంచుమించు సమానం. 6,000 కంటే తక్కువకు వస్తే హోదాను పక్కన పెట్టడమే లాభం. కావున ఒకే తరగతి హోటళ్ల మధ్య ఎంపికకు హోదా ఉపయోగిస్తుంది. తక్కువ తరగతి నుండి పై తరగతికి మారడానికి అది కారణం కాజాలదు.

హోదా కోసం బస చేస్తే

సంవత్సరాంతానికి కొందరిలో ఒక తొందర మొదలవుతుంది. 36 రాత్రులు అయ్యాయి, మరో 14 అయితే ప్లాటినం. పని లేకపోయినా ఏదో ఊరిలో చవక గది తీసుకొని సంఖ్య నింపాలన్న ఆశ పుడుతుంది. దీని లెక్క ఇలా ఉంటుంది.

అదే సంస్థకు చెందిన చవక హోటలులో 4,000 రూపాయల గది, పన్నుతో 4,200. పద్నాలుగు రాత్రులకు 58,800. ఆ బసల వల్ల గోల్డ్ సభ్యునికి వచ్చే పాయింట్ల విలువ సుమారు 3,900 తీసివేస్తే నికర ఖర్చు దాదాపు 55,000. దీనికి బదులుగా గోల్డ్ కంటే ప్లాటినంలో రాత్రికి అదనంగా దొరికేది అల్పాహారం 200, లౌంజ్ 300, పాయింట్లు 100, వెరసి 600. మరుసటి ఏడు కూడా 36 రాత్రులే బస చేస్తే లాభం 21,600. పెట్టిన 55,000 రాబట్టుకోవడానికి సుమారు 92 రాత్రులు బస చేయాలి. అన్ని రాత్రులు బస చేసేవానికి హోదా దానంతట అదే వచ్చి ఉండేది. కొసరుకు ఆశపడి అసలు పోగొట్టుకోవడమంటే ఇదే.

తక్కువ పడిన రాత్రులు మూడో నాలుగో అయినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. 2023 ఆగస్టులో మారియట్, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు కలిసి తెచ్చిన క్రెడిట్ కార్డు ఏడాదికి పది రాత్రుల జమ ఇచ్చే విధంగా ప్రారంభమైంది. దాని వార్షిక రుసుము 3,000 రూపాయలు, 18 శాతం పన్నుతో 3,540. 36 రాత్రులకు ఈ పది కలిస్తే తక్కువ పడేది నాలుగే. వాటి ఖర్చు 16,800, కార్డు రుసుము 3,540, పాయింట్ల రూపంలో తిరిగి వచ్చేది సుమారు 1,100. నికరం 19,200 పైచిలుకు. లాభం 21,600. అంటే రెండు వేల పైచిలుకు మిగులు. ఆ కార్డుతో వచ్చే 15,000 పాయింట్ల లోపు ఉచిత రాత్రిని గడువులోగా వాడుకుంటే మిగులు మరికొంత పెరుగుతుంది. క్రెడిట్ కార్డు బాకీని ఒక్క నెల నిలవ పెట్టి వడ్డీ కట్టినా ఈ మిగులు ఆవిరవుతుందని వేరే చెప్పనక్కరలేదు. కార్డుల నిబంధనలు మారుతుంటాయి గనుక తీసుకునే ముందు ఆనాటి షరతులు చదవడం అవసరం.

జీఎస్టీ మెలిక

హోదా కంటే ఎక్కువ తేడా తెచ్చే అంశం పన్ను. 2025 సెప్టెంబరు 22 నుండి రోజుకు 7,500 రూపాయల వరకు గల గదులపై జీఎస్టీ 12 నుండి 5 శాతానికి తగ్గింది. దీనికి తోడు ఈ గదులకు సంబంధించి హోటలు తన కొనుగోళ్లపై పన్ను జమ పొందే అవకాశం పోయింది. 7,500 దాటిన గదులపై 18 శాతం పన్ను కొనసాగుతున్నది.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. 7,500 రూపాయల గదికి పన్నుతో 7,875. 7,600 గదికి 8,968. గది ధర వంద పెరిగితే బిల్లు 1,093 పెరిగింది. ఒక రాత్రి కొసరులో అధిక భాగం ఈ ఒక్క మెట్టు దాటడంతో చెల్లిపోతుంది. సొంత డబ్బుతో ప్రయాణించేవారు మెరుగైన గదికి మరికొంత చెల్లించే ముందు ఈ హద్దును చూసుకోవాలి.

జీఎస్టీ నమోదు ఉన్న సంస్థలకు మరొక కోణమున్నది. తమిళనాడులో నమోదైన రాజపాళయం సంస్థ, వ్యాపార నిమిత్తం చెన్నైలో 18 శాతం పన్ను గల గది తీసుకొని, బిల్లుపై తన జీఎస్టీ సంఖ్య వేయించుకుంటే ఆ పన్నును జమగా పొందవచ్చు. అప్పుడు 7,600 గది నికర ఖర్చు 7,600 మాత్రమే. 7,500 గదికి కట్టిన 375 కూడా జమగా దక్కితే అక్కడ తక్కువ ధర గదే చవక. ఇక ముంబయిలోనో, గుంటూరులోనో బస చేస్తే సంగతి వేరు. హోటలు సేవకు పన్ను స్థలం హోటలు ఉన్న రాష్ట్రమే. మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల పన్నును అక్కడ నమోదు లేని తమిళనాడు సంస్థ జమగా పొందలేదు. కనుక సొంత రాష్ట్రం దాటిన బసలో పన్ను మొత్తాన్ని ఖర్చుగానే లెక్కవేయాలి.

ఎవరి డబ్బు, ఎవరి పాయింట్లు?

బిల్లు సంస్థది, పాయింట్లు ప్రయాణించిన వ్యక్తివి. ఈ పథకాలన్నింటిలోనూ ఇదే నియమం. సభ్యత్వం వ్యక్తి పేరిటే ఉంటుంది. యజమాని తానే ప్రయాణిస్తే ఎడమ జేబు నుండి కుడి జేబుకు మారినట్లు. ఉద్యోగి ప్రయాణిస్తే, 3,000 గది సరిపోయేచోట 7,200 గది తీసుకోవడానికి అతనికి ఒక కారణం దొరికినట్లే. అదనంగా పడిన 4,410 సంస్థది. లభించిన 600 రూపాయల పాయింట్లు ఉద్యోగివి.

ఇందులో ఉద్యోగిని తప్పుపట్టవలసిన పని లేదు. కుటుంబాన్ని వదిలి నెలకు పది రాత్రులు ఊళ్లు తిరిగే మనిషికి ఆ పాయింట్లతో పిల్లలను ఏడాదికొకసారి ఎక్కడికైనా తీసుకువెళ్లే అవకాశం దొరకడం మంచిదే. సంస్థ చేయవలసిందల్లా ఊరు వారీగా గది ధరకు ముందే పరిమితి పెట్టి, ఆ పరిమితి లోపల ఏ హోటలు ఎంచుకోవాలన్నది ప్రయాణించేవారికి వదిలివేయడం. అప్పుడు పాయింట్లు వారికి, పొదుపు సంస్థకు దక్కుతాయి. ఒకే ఊరికి ఏడాదికి ముప్పై నలభై రాత్రులు పంపే సంస్థలు హోటలుతో నేరుగా మాట్లాడుకుంటే అల్పాహారంతో కలిపి తగ్గింపు ధర పొందవచ్చు. ఇటువంటి ఒప్పందం ఏ హోదా లేకుండానే హోదా ఇచ్చేదానిలో సగం ఇస్తుంది.

కరిగిపోయే సొమ్ము

పాయింట్లను బ్యాంకు డిపాజిట్ వలె చూడరాదు. వాటికి వడ్డీ లేదు, గడువు ఉన్నది. మారియట్, హిల్టన్, హయత్ సంస్థలలో 24 నెలలపాటు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పాయింట్లు రద్దవుతాయి. ఆకోర్‌లో ఏడాదే గడువు. ఉచిత రాత్రికి ఎన్ని పాయింట్లు కావాలో నిర్ణయించే అధికారం పూర్తిగా సంస్థదే. మారియట్ 2022లో స్థిరమైన పట్టికను వదిలి, రోజును బట్టి మారే పద్ధతికి మళ్లింది. ఏళ్ల తరబడి కూడబెట్టినవారు అప్పుడు ఎక్కువ పాయింట్లు ఇవ్వవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. కూడబెట్టి దాచుకోవడం కంటే ఎప్పటికప్పుడు వాడుకోవడమే ఇక్కడ తెలివి. పండుగల రద్దీలో, పెళ్లి ముహూర్తాలలో గది ధర ఆకాశాన్నంటినప్పుడు పాయింట్లతో దొరికితే వాటికి మంచి విలువ వస్తుంది. గది చవకగా దొరికే రోజుల్లో డబ్బు చెల్లించి, పాయింట్లను దాచడం మేలు.

హోదా కూడా అంతే. ప్రయాణాలు తగ్గిన ఏడాదిలో అది మెట్టు దిగిపోతుంది. దానిని నిలుపుకోవడానికి చేసే ప్రతి అదనపు ఖర్చూ పైన వేసిన లెక్కకు లోబడే ఉండాలి.

ఎవరికి లాభం?

సంగ్రహంగా చెప్పాలంటే, ఎలాగూ పెద్ద హోటళ్లలో ఏడాదికి యాభైకి పైగా రాత్రులు గడిపేవారికి, కుటుంబంతో కలిసి ప్రయాణించేవారికి, బిల్లు మరొకరు చెల్లించేవారికి ఈ హోదాలు నిజమైన లాభమే. వారు ఒకటి రెండు సంస్థలకే పరిమితమై, ఇచ్చిన సౌకర్యాలన్నీ అడిగి తీసుకోవాలి. ఏడాదికి పది పదిహేను రాత్రులు బస చేసేవారు సభ్యత్వం ఉచితం గనుక పేరు నమోదు చేసుకొని, పాయింట్లు వచ్చినంత తీసుకొని, హోదా గురించి మరచిపోవడం మంచిది. ఉదయం దిగి రాత్రి బండికి తిరిగి వచ్చేవారికి 24 గంటల లాడ్జిని మించిన పథకం లేదు.

గది తీసుకునే ముందు ఒక కాగితం మీద మూడు అంకెలు వేసుకుంటే చాలు. పన్నుతో కలిపి రెండు హోటళ్ల ధరల తేడా ఒకటి. హోదా వల్ల నిజంగా జేబులో మిగిలే రూపాయలు రెండు. ఆ హోటలు ఇచ్చే గది వేళలు రైలు వేళలకు సరిపోతాయా అన్నది మూడు. మొదటి అంకె కంటే రెండవది పెద్దదై, మూడవదీ కుదిరితే ఆ హోటలు తీసుకోవచ్చు. లేకపోతే తెలిసిన లాడ్జి తాళమే తీసుకొని, మిగిలిన నాలుగు వేలతో ఇంటికి ఏమైనా కొనుక్కుపోవచ్చు.